ఉప్పుగాలి ఇంట్లో చెక్క వంటగట్టు: 21 చిట్కాలు

విశాఖ, భీమిలి, కాకినాడ వైపు కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లలో కొందరు వంటగట్టుకు నల్ల గ్రానైట్ వద్దు, చెక్క కావాలంటున్నారు. ఇంటీరియర్ వాళ్ల భాషలో దాని పేరు బుచర్ బ్లాక్. గట్టి కలపను పట్టీలుగా కోసి, పక్కపక్కన పేర్చి, జిగురుతో అంటించి, బిగించి ఆరబెట్టి, చిత్రిక పట్టిన మందపాటి పలక అది. సాధారణంగా ఒకటిన్నర అంగుళాల మందం ఉంటుంది. చూపుకు బాగుంటుంది, చేతికి చల్లగా తగలదు, స్టీలు గిన్నె పెట్టినా చప్పుడు కాదు.

"సముద్రం పక్కన చెక్కేమిటి, రెండు వానాకాలాలకే ఉబ్బిపోదూ?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ మాట సగమే నిజం. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగిలో ఒకప్పుడు ఓడలే చెక్కతో కట్టారు, అవి ఉప్పునీటి మీదే తిరిగాయి. చెక్కను పాడుచేసేది తేమ కన్నా ఎక్కువగా తేమలో తేడా. పైవైపు ఆరి అడుగువైపు చెమ్మపట్టినా, పగలంతా ఉక్కలో ఉండి రాత్రి ఏసీలో ఆరినా చెక్క వంకర తిరుగుతుంది. ఆ తేడాను తగ్గించడం ఒకటి, తగ్గించలేనప్పుడు చెక్క కదలడానికి చోటివ్వడం ఒకటి. పని అంతా ఈ రెండింటిలోనే ఉంది.

1. గట్టు మొత్తం చెక్క వేయించకండి. ముందు వంటింటి నమూనా కాగితం మీద గీసి తడి చోటు, వేడి చోటు, పొడి చోటు గుర్తులు పెట్టుకోండి. మనది నీళ్ల వంటిల్లు. బియ్యం కడగాలి, చింతపండు పిసకాలి, ఆకుకూర రెండు మూడు నీళ్లలో జాడించాలి, గ్రైండర్ కడిగిన నీళ్లు గట్టు మీదుగానే పోతాయి. ఫోన్లో కనిపించే విదేశీ వంటిళ్ల ఫొటోలు చూసి సింకు చుట్టూ చెక్క పెట్టించుకుంటే మొదటి ఏడాదే విసుగొస్తుంది. సింకు, పొయ్యి, వెట్ గ్రైండర్, ఈ మూడూ రాతి మీదే ఉండాలి. సింకుకు అడుగున్నర, పొయ్యికి పక్కగా ఒక అడుగు వదిలి, మిగిలిన పొడి భాగానికి చెక్క వేయించండి. కూరలు తరగడం, చపాతీ ఒత్తడం, టిఫిన్ వడ్డించడం అన్నీ అక్కడే కదా.

2. కలపలో మొదటి ఓటు టేకుకే. ఇది గొప్పకు చెప్పే మాట కాదు. టేకులో సహజంగా నూనె గుణం ఉంది, చెద తొందరగా పట్టదు, అన్నిటికన్నా ముఖ్యంగా తేమకు తక్కువ కదులుతుంది. చెక్కలో తేమ 5 శాతం మారితే రెండడుగుల వెడల్పున్న టేకు పలక, కోసిన తీరును బట్టి, 3 నుంచి 5.5 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. బీచ్ అనే చలిదేశపు కలపతో చేసిన అదే వెడల్పు పలక అదే తేడాకు ఇంచుమించు రెట్టింపు కదులుతుంది. చలిదేశాల వంటిళ్లలో పేరున్న బీచ్, మేపుల్, ఓక్ పలకలు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి గానీ మన కోస్తాకు అవి సరిపోవని నా అభిప్రాయం. రబ్బరు చెక్క పలకలు చవక. లేత రంగు, నునుపు, అంతా బాగుంటుంది. చెమ్మ తగిలితే మాత్రం నీలిమచ్చలు, పుచ్చు రెండూ దానికే ముందు పడతాయి. మామిడీ అంతే. మద్దికి ఆరేటప్పుడు బీటలిచ్చే గుణముంది. వేగిస లోటాలో నీళ్లు పోస్తే రంగు దిగుతుందని మనకు తెలిసిందే. ఆ చెక్క మీద తడి పిండి కలిపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మరి చింత? మన మాంసం కొట్లలో అసలైన కొట్టుడు మొద్దు చింతదే. కత్తి దెబ్బకు చిట్లదు. అయితే చింతలో చేవ, అంటే నడిమి ముదురు చెక్క, తక్కువ; దాని చుట్టూ ఉండే తెల్లచెక్క ఎక్కువ. ఆ తెల్లచెక్కకు పురుగు పడుతుంది. మొద్దుగా వాడుకోండి, గట్టుగా వద్దు.

3. టేకని చెప్పగానే సరిపోదు, చేవ చూడండి. పలక అంచున పట్టీలు వరసగా కనిపిస్తాయి. గోధుమ రంగులో ఉన్నది చేవ, పాలిపోయినట్టున్నది తెల్లచెక్క. టేకుకు ఉన్న పేరంతా చేవది. తెల్లచెక్కకు టేకైనా రక్షణ లేదు. తొందరగా పెంచి కొట్టిన తోటల టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. అడితిలో బర్మా అనీ బల్లార్షా అనీ పేర్లు చెబుతారు. ఊరి పేరు కన్నా ఎదురుగా ఉన్న చెక్క రంగూ బరువూ నమ్మండి. తెల్లచెక్క ఉన్న పట్టీలు తీసేయమని బేరంలోనే చెప్పాలి, అంటించాక చెప్పి లాభం లేదు.

4. పూర్తి చెక్కేనా అని అడగండి. పైన పలచని టేకు పొర, లోపల రంపపు పొట్టు నొక్కి చేసిన పార్టికల్ బోర్డు ఉన్న పలకలు కూడా చెక్క గట్టు పేరుతోనే అమ్ముతారు. దానికి ఒకసారి నీళ్లు దిగితే ఉబ్బిన చోట మళ్లీ అణగదు. పక్క నుంచి చూడండి. పైనున్న గీతలు పక్కకు కూడా దిగితే పూర్తి చెక్క, అంచుకు వేరే పట్టీ అతికించి ఉంటే అనుమానించాల్సిందే.

5. తేమ మీటరుతో కొలిపించండి. రెండు సూదులున్న చిన్న పరికరం అది, చెక్కకు గుచ్చితే శాతం చూపిస్తుంది. చెక్క తన చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ పీల్చుకుంటుంది, వదులుతుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతం ఉంటే చెక్క 15, 16 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి తేమ 55 శాతమైతే 10 దగ్గర. అందుకే మన భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడదీసి, కలపలో ఎంత తేమ ఉండొచ్చో మండలానికో లెక్క చెప్పింది. ఏసీ లేని కోస్తా వంటింటికి పలక 12 నుంచి 14 శాతం మధ్య ఉంటే మంచిది. ఎక్కువసేపు ఏసీ నడిచే ఇంటికి 10 నుంచి 12. ఇక్కడ చాలామంది "బాగా ఎండిన చెక్క" అంటే ఎంత ఎండితే అంత మంచిదనుకుంటారు. బట్టీలో 7 శాతానికి ఆరబెట్టిన విదేశీ పలకను తెచ్చి విశాఖలో బిగిస్తే అది నీళ్లు తాగి వెడల్పవుతుంది. పచ్చి చెక్క కుదించుకుపోయి పగులుతుంది, మరీ ఎండిన చెక్క పెరిగి గోడను నెడుతుంది.

6. ఎక్కడ వాడతారో అక్కడే చేయించండి, కుదరకపోతే అక్కడే ఉంచండి. వేసవిలో హైదరాబాద్‌లో చేయించి లారీలో విశాఖకు పంపించే పని మానుకోండి. అక్కడి పొడిగాలికి, ఇక్కడి ఉక్కకు పొత్తు లేదు. ఎక్కడిదైనా సరే, పలక వచ్చాక ప్లాస్టిక్ చుట్ట విప్పి, ఏ వంటింట్లో వేస్తారో అదే వంటింట్లో రెండు వారాలు ఉంచాలి. నేల మీద పరచకూడదు, గోడకు ఆనించి నిలబెట్టకూడదు. అడుగున అడుగున్నరకొక రీపరు పెట్టి, పలకలు ఒకటి కన్నా ఎక్కువుంటే మధ్యలోనూ రీపర్లు వేసి, గాలి రెండు వైపులా ఆడేలా పడుకోబెట్టాలి. కొత్తగా పూత పూసిన గోడలు, అప్పుడే వేసిన టైల్స్ ఇంకా చెమ్మ వదులుతుంటే ఆ పనులు ఆరేదాకా పలకను ఇంట్లోకే తేవద్దు.

7. బిగించడానికి మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. కోస్తాలో మే నెల ఎండా ఉక్కే, జూన్ నుంచి వాన, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. చలికాలంలో గాలి కాస్త పొడిగా ఉండి నూనె, పాలిష్ సరిగా ఆరతాయి. ఒక్క మాట గుర్తుంచుకోండి. అప్పుడు చెక్క సన్నబడి ఉంటుంది కాబట్టి వానాకాలంలో పెరగడానికి చోటు వదలాలి. వానాకాలంలో బిగిస్తే లెక్క తిరగబడుతుంది, చలికాలానికి సందు ఇంకా వెడల్పవుతుంది.

8. జిగురు ఏదో కనుక్కోండి. మామూలు తెల్ల ఫెవికాల్ కుర్చీలకు, బీరువాలకు సరిపోతుంది. వంటగట్టుకు నీటిని తట్టుకునే రకమే వాడాలి. డబ్బా మీద డీ3 తరగతి అనో, మెరైన్ అనో ఉంటుంది. టేకుతో ఇంకో చిక్కుంది. దాని నూనే జిగురును పట్టనివ్వదు. చిత్రిక పట్టిన రోజే, అంటించే ముందు అంచులను అసిటోన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు పెట్టాలి. రెండు రోజులు పక్కన పడేసి తర్వాత అంటిస్తే మూడో ఏట పట్టీల మధ్య గీత విచ్చుకుంటుంది.

9. పాత గ్రానైట్ మీదే చెక్క పరిచేద్దామంటే ఒప్పుకోకండి. మన ఇళ్లలో గట్టంటే ఇటుక గోడల మీద కడప బండ, దాని మీద గ్రానైట్. "పగలగొట్టడం ఎందుకండీ, పైన వేసేద్దాం" అని మేస్త్రీ అంటాడు. రాయికీ చెక్కకూ మధ్య దూరిన చెమ్మకు బయటికి దారి ఉండదు. పైవైపు గాలికి ఆరుతూ, అడుగు నానుతూ ఉంటే పలక దొప్పలా ఒంగుతుంది. పగలగొట్టడం నిజంగా కుదరకపోతే రాయి మీద అర అంగుళం మందపు రీపర్లు ముందు నుంచి వెనక్కి అడుగుకొకటి వేసి వాటి మీద పలక పెట్టండి. ముందంచులో ఆ సందును పూర్తిగా మూసేయకూడదు. బొద్దింకల భయముంటే స్టీలు జాలీ కొట్టించండి. గట్టు ఎత్తు రెండంగుళాలు పెరుగుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి, పొట్టిగా ఉన్నవాళ్లకు చపాతీ ఒత్తడం కష్టం.

10. కొత్తగా కప్‌బోర్డుల మీద వేస్తుంటే వాటి పైభాగం నిండా ప్లైవుడ్ కొట్టనివ్వకండి. ముందొక పట్టీ, వెనకొక పట్టీ, మధ్యలో అడ్డపట్టీలు చాలు. పలక అడుగుకు గాలి తగలాలి.

11. ఆరు వైపులా ఒకేలా పూత. ఈ జాబితాలో ఒక్కటే పాటిస్తామంటే ఇది పాటించండి. కనిపించేది పైవైపే కదా అని అడుగు వదిలేస్తారు, లేదా ఒక చెయ్యి పూసి ఊరుకుంటారు. పైన నాలుగు పూతలుంటే అడుగునా నాలుగే, నాలుగు అంచులకూ నాలుగే. కోసిన కొనల దగ్గర చెక్క గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి, పక్క నుంచి కన్నా అక్కడి నుంచి నీళ్లు ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతాయి. ఆ కొనలకు ఇంకో రెండు పూతలు ఎక్కువే వేయించండి. ఇదంతా బిగించక ముందే జరగాలి. బిగించాక అడుగుకు బ్రష్ వెళ్లదు, వెళ్లినా మేస్త్రీ పెట్టడు.

12. గట్టిగా కాదు, వదులుగా బిగించాలి. మన వడ్రంగులు పని గట్టిగా ఉండాలని కింద ఫెవికాల్ పూసి, పైగా స్క్రూలు దిగ్గొట్టి అప్పగిస్తారు. తలుపు చట్రానికి అది పనికొస్తుంది. ఇక్కడ అదే పలకను పగలగొడుతుంది. చెక్క పొడవునా ఇంచుమించు కదలదు, అడ్డంగా కదులుతుంది. వెడల్పు పెరగబోతే స్క్రూలు ఆపుతాయి, ఏదో ఒకచోట పట్టీ చీలుతుంది. పద్ధతి ఇది: ముందంచు దగ్గర వరస స్క్రూలు మామూలు రంధ్రాల్లో బిగించండి, కప్‌బోర్డు తలుపులతో పలక ముందంచు ఎప్పుడూ సరిగా ఉంటుంది. మధ్యలోనూ వెనకా అడ్డపట్టీలకు గుండ్రటి రంధ్రం బదులు ముందు నుంచి వెనక్కి పొడవుగా 10, 12 మిల్లీమీటర్ల గాడి తీసి, వెడల్పు వాషర్ వేసి, స్క్రూ బిగించి అరచుట్టు వదలాలి. పలక వెనక్కి పెరిగినా తగ్గినా స్క్రూ గాడిలో జరుగుతుంది. పలకలోకి దిగే స్క్రూ భాగం పలక మందంలో మూడింట రెండొంతులు దాటకూడదు. జిగురు ఎక్కడా వద్దు.

13. ఇనుప స్క్రూలు వద్దు. ఉప్పుగాలికి తుప్పు పట్టడం ఒక సంగతి. చెక్కలోని వగరు పదార్థం, తడి, ఇనుము మూడూ కలిస్తే నల్లటి మరక దిగుతుంది, అది పైదాకా పాకుతుంది. ఇత్తడి స్క్రూలు లేదా స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇల్లయితే 304 రకం కన్నా 316 రకం మేలు. అందులో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును ఎక్కువ తట్టుకుంటుంది. పడవల సామాను అమ్మే కొట్లలో అడగండి.

14. గోడ దగ్గర సందు వదలండి, సిమెంటు పెట్టనివ్వకండి. వెనక గోడకూ పలకకూ మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. టైల్ మందం ఆ సందును కప్పేస్తుంది, అందుకని ముందు పలక, తర్వాత టైల్. మిగిలిన సన్న గీతలో సాగే గుణమున్న సిలికాన్ పెట్టించండి. వైట్ సిమెంటు పెడితే మొదటి వానకే పొడిపొడిగా రాలుతుంది.

15. మూల తిరిగే చోట పటం ఫ్రేములా ఏటవాలుగా కోసి అతికించవద్దు. తేమ మారినప్పుడల్లా ఆ గీత ఒక చివర విచ్చుకుంటుంది. ఒక పలక నిండా వెళ్లి, రెండోది దాని పక్కకు తిన్నగా ఆనాలి. అడుగున బోల్టులతో దగ్గరికి లాగాలి. ఇంకా తెలివైన పని, ఆ మూలలో రాయి పెట్టడం. ఒక చేయి చెక్క, ఒక చేయి గ్రానైట్.

16. సింకు చెక్కలోనే కావాలని పట్టుబడితే, అంచు పైకి వచ్చి కూర్చునే సింకే పెట్టించండి. అడుగు నుంచి బిగించే రకంలో కోసిన కొన నేరుగా నీళ్లకు దొరుకుతుంది. కోసిన రంధ్రం లోపలి అంచుకు ఎపాక్సీ రెండు పూతలు, సింకు అంచు కింద సిలికాన్. పంపు రంధ్రాన్ని చాలామంది మరచిపోతారు, అక్కడే నల్లబడడం మొదలవుతుంది.

17. ముందంచు కప్‌బోర్డు కన్నా అంగుళం బయటికి రావాలి. ఆ అంగుళం అడుగున పొడవునా 4 మిల్లీమీటర్ల గాడి ఒకటి తీయించండి. సన్‌షేడ్ కింద మేస్త్రీలు నీటి గీత పెడతారే, అదే పని. ఒలికిన నీళ్లు అడుగుకు పాకకుండా గాడి దగ్గరే కిందికి జారిపోతాయి.

18. పాలిష్ విషయంలో వడ్రంగి మాట వెంటనే ఒప్పుకోకండి. మన వాళ్ల చేతికి అలవాటైనవి స్పిరిట్ పాలిష్, మెలమైన్. స్పిరిట్ పాలిష్ లక్కతో చేసేది, వేడి గిన్నెకూ తడి గ్లాసుకూ తెల్లమచ్చ పడుతుంది. మెలమైన్ వాన రోజున కొడితే పాలు చల్లినట్టు తెల్లబారుతుంది. పీయూ (పాలీయురెథేన్) పూత గట్టిది, మెరుస్తుంది, నీళ్లు నిలవవు. కానీ కత్తిగాటో గీరో పడిందంటే ఆ సందులోంచి దిగిన నీరు పొర కింద చిక్కుకుని నల్లబడుతుంది, బాగు చేయాలంటే మొత్తం గీకాలి. గట్టు మీద ఎప్పుడూ కత్తి ఆడించము, పలక పెట్టుకునే తరుగుతాము అనేవాళ్లకు పీయూ సరే. మిగిలినవాళ్లకు లోపలికి ఇంకి గట్టిపడే నూనెలు మంచివి: టంగ్ నూనె, లేదా మైనం కలిసిన హార్డ్‌వాక్స్ ఆయిల్. గీత పడిన చోట మాత్రమే రుద్ది మళ్లీ పూసుకోవచ్చు. అవిసె నూనెకు ఉక్క వాతావరణంలో బూజు పట్టే గుణముంది. దుకాణంలో దొరికే బాయిల్డ్ రకంలో ఆరడానికి లోహపు మందులు కలుపుతారు కాబట్టి తిండి తగిలేచోట అసలే వద్దు. ఇంట్లో ఉన్న నువ్వుల నూనో కొబ్బరి నూనో రాసేద్దామనుకుంటారు. అవి గట్టిపడవు, జిడ్డుగా మిగిలి కొన్నాళ్లకు ముక్క వాసన కొడతాయి.

అన్నిటికన్నా తేలికైనది మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్. రంగు లేదు, వాసన లేదు, చెడదు. నాలుగు వంతుల పారఫిన్‌లో ఒక వంతు తేనెమైనం వేసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, గోరువెచ్చగా ఉండగా గుడ్డతో రుద్దాలి. కొత్త గట్టుకు మొదటి వారం రోజూ, మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి. నీళ్ల చుక్క వేసి చూడండి, ముత్యంలా నిలిస్తే సరే, పరుచుకుని ఇంకితే మళ్లీ పూయాలి. గాలి తేమను ఆపడంలో మాత్రం దీని శక్తి తక్కువ, పూయడం మానేస్తే ఏమీ లేనట్టే.

జాగ్రత్త: టంగ్, అవిసె లాంటి గట్టిపడే నూనెలు తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బకెట్ నీళ్లలో వేయండి, లేదా ఆరుబయట విడివిడిగా పరచి ఆరనివ్వండి.

19. రోజువారీ అలవాట్లు. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు గట్టు మీద పలచగా పేరుకుంటుంది. గాలి తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పే తేమ లాక్కుని తడిగా మారుతుంది. అందుకని సాయంత్రం ఒకసారి మంచినీటిలో పిండిన గుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. నిమ్మచెక్క, ఉప్పుతో రుద్దితే వెల్లుల్లి వాసన పోతుంది కానీ ఆ ఉప్పును కడిగి తుడవకుండా వదలకూడదు. గట్టు పాడవకుండా ప్లాస్టిక్ షీటు పరిచేవాళ్లున్నారు. కింద చెమ్మ చేరి బూజు పడుతుంది, తీసేయండి. తడి బిందె, మంచినీళ్ల క్యాను, ఇనుప పెనం, మూకుడు చెక్క మీద వదలొద్దు. దోసెలు పోసిన పెనం పొయ్యి దగ్గర రాతి మీదే చల్లారాలి. ఊరగాయ జాడీ కింద పళ్లెం ఉండాలి. చేపలు, మాంసం గట్టు మీద కోయకండి. వాటికి వేరే పలక, లేదా మన పాత కత్తిపీట. డిష్‌వాషర్ తలుపు తీసినప్పుడు వచ్చే ఆవిరి నేరుగా పైనున్న చెక్కకే తగులుతుంది, అడుగున అల్యూమినియం పట్టీ అంటించండి. ఏసీ గాలి నేరుగా గట్టు మీదికి కొట్టకుండా రెక్క తిప్పండి.

20. మరకలు, బూజు, చెద. పసుపు మరకకు కంగారు వద్దు, ఎండ తగిలే గట్టయితే అదే వెలిసిపోతుంది. ఇనుము మరక నల్లగా దిగితే మొదట నిమ్మరసం, పోకపోతే హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కలిపి రాయాలి. అది విషం, చేతి తొడుగులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, మరక పోయాక మూడు నాలుగుసార్లు నీళ్లతో తుడవండి. తెల్లటి బూజు పొడి పైపైన కనిపిస్తే వెనిగర్ గుడ్డతో తుడిచి ఫ్యాను వేయండి. చెక్కలోకి దిగిన నల్లబూజు అయితే 120 నంబరు శాండ్ పేపర్‌తో మొదలుపెట్టి 180తో ముగించి మళ్లీ నూనె పట్టించాలి. రుద్దడం ఎప్పుడూ పోగు వెంటే, అడ్డంగా కాదు. పలక వెనక గోడ మూలల్లో మట్టి గీతలు కనిపిస్తే అది చెద దారి. టేకు చేవను వదిలినా అడుగున ఉన్న రీపర్లను తినేస్తుంది. రీపర్లకు ముందే బోరాక్స్ మందు పట్టించడం మేలు.

కాస్త ఒంగిన పలకను చూసి వెంటనే కొత్త స్క్రూలు కొట్టించకండి. ఏ వైపు తడి ఎక్కువ తగులుతోందో చూసి, ఆ కారణం తీసేసి, పలక విప్పి అడుగుకూ నూనె పట్టించి, ఒక కాలం ఆగండి. చాలావరకు తిరిగి సర్దుకుంటుంది.

21. ఎవరికి వద్దు? అద్దె ఇంటివాళ్లకు వద్దు. ఏడాదిలో ఆరు నెలలు ఇల్లు తాళం వేసి పిల్లల దగ్గర అమెరికాలో ఉండే పెద్దవాళ్లకు వద్దు. మూసిన ఇంట్లో గాలి ఆడక చెమ్మ నిలిచి, మీరు తిరిగొచ్చేసరికి గట్టంతా బూజు. తుపాను గాలికి కిటికీలోంచి వాన నేరుగా గట్టు మీదికి కొట్టే ఇంట్లో, ముందు ఆ కిటికీ సంగతి చూసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అద్దాలు పగిలి వాన గదుల్లోకి కొట్టిన ఇళ్లవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. నెలకోసారి నూనె రాయడం నాతో కాదు అనిపించినవాళ్లకూ వద్దు. వీళ్లందరికీ గ్రానైట్ గట్టే మంచిది. దాని మీద అవసరమైనప్పుడు పెట్టుకుని, పనయ్యాక కడిగి నిలబెట్టి ఆరబెట్టుకునే రెండడుగుల టేకు పలక ఒకటి చేయించుకుంటే చాలు.